మొదటి గుంట

ఆ ఆట మొదటిసారి ఆడినప్పుడు నేను పది సెకన్లు కూడా బతకలేదు. ఆకుపచ్చ చొక్కా వేసుకున్న చిన్న బొమ్మ మనిషి ఒకడు, వీపు మీద మూటతో, టీవీ తెర ఎడమ అంచున నిలబడి ఉన్నాడు. బాణం గుర్తు ఒత్తాను. పరిగెత్తాడు. ఎదురుగా నేల తెగి గుంట వచ్చింది. నేను రిమోటును రెండు చేతులతో పైకెత్తాను, కుర్చీలోంచి నేను కూడా కొంచెం లేచాను. వాడు మాత్రం లేవలేదు. వాకిట్లోకి నడిచినంత మామూలుగా గుంటలోకి నడిచి పడిపోయాడు. ఏడుపులాంటి చిన్న పాట వచ్చింది.

"చెయ్యి ఎత్తితే ఎగరడప్పా వాడు," అంది మా ఆవిడ. "బొత్తాం ఒత్తితే ఎగురుతాడు."

"ఒత్తినా."

"ఒత్తినావులే, పడినంక ఒత్తినావు."

మూడు లైఫులు ఇస్తారు ఆ ఆటలో. మూడూ ఆ గుంటలోనే పోగొట్టాను. తెర నల్లబడి, మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. యాభై దాటిన మనిషిని, ఉక్కు ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్ళుగా కరెంటు పని చేస్తున్నవాణ్ణి, పిల్లల ఆట దగ్గర చెమట తుడుచుకుంటూ కూర్చున్నాను. ఆమె పక్కన చేటలో కందిపప్పు ఏరుకుంటూ నవ్వింది. ఆ నవ్వులో తప్పేమీ లేదని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు చెప్పలేకపోయాను.

ఆ వీడియో గేమ్ మాకు సిమెంటు సంచిలో వచ్చింది. మా ఆవిడ పుట్టిల్లు సిరుగుప్ప వైపు పల్లె. మా బావమరిది పాత ఇల్లు విప్పి కొత్తది కడుతూ, అటక మీద చెల్లెలివని దొరికినవన్నీ ఒక సంచిలో వేసి పంపాడు. రెండు కుట్టుపని గుడ్డలు, బడి నోటుపుస్తకాలు, అడుగున పసుపుపచ్చబడిన తెల్ల డబ్బా, రెండు రిమోట్లు, ఒక క్యాసెట్. క్యాసెట్ మీద పేరున్న కాగితం ఎప్పుడో ఊడిపోయింది. ఆట పేరేంటో ఆమెకూ గుర్తు లేదు. వాళ్ళింట్లో దాన్ని మూటోడి ఆట అనేవాళ్ళట.

బాగు చేసింది నేనే. కాలిపోయిన అడాప్టరు తీసేసి వేరేది కట్టాను, లోపల రెండు వైర్లు అతికాను. కూతురు చదువుకని హుబ్బళ్ళి వెళ్ళాక ఆమె గదిలో కంప్యూటర్ పెట్టిన బల్ల ఖాళీగా ఉంది. చిన్న టీవీ అక్కడ పెట్టి కలిపాను. ఏమీ రాలేదు. మా ఆవిడ క్యాసెట్ బయటికి లాగి, దాని పళ్ళ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉఫ్‌మని ఊది, మళ్ళీ దింపింది. నీలం ఆకాశం వచ్చింది. నా అరపూట పని కన్నా ఆమె ఒక్క ఊపిరే గొప్పదైనట్టు అనిపించి, నాకు అప్పుడే కొంచెం చివుక్కుమంది.

ఆ ఆకాశం గురించి చెప్పాలి. ఎక్కడా ఎండ లేని నీలం అది. మా బళ్ళారి కళ్ళకు అలాంటి ఆకాశం అలవాటు లేదు. పాట ఒకటే, అరనిమిషానికోసారి మొదటికొస్తుంది. రెండు రోజుల్లో అది నా చెవిలోకెక్కి బస్సులో కూడా మోగేది. బొమ్మ మనిషి ఆగమంటే ఆగడు, వేలు తీశాక కూడా ఒక అడుగు జారతాడు. నాకు మొదట కోపం తెప్పించింది అదే. నేను ముట్టుకునే స్విచ్ ఏదైనా వేస్తే నడుస్తుంది, తీస్తే ఆగుతుంది. ఇది అట్లా కాదు. బొత్తాం తాకి వదిలితే చిన్న గెంతు, ఒత్తి పట్టుకుంటే పెద్ద గెంతు. ఇంకొకటి, వెనక్కి పోవడానికి లేదు. తెర కుడివైపుకే జరుగుతుంది. దాటేసిన నేల ఎడమ అంచులో కలిసిపోయి మళ్ళీ రాదు. ఒక నాణెం వదిలేశానని వెనక్కి తిరిగితే వాడు కనిపించని గోడకు మొహం పెట్టి పరిగెడుతూనే ఉన్నాడు.

అన్నిటికన్నా నాకు కానిది కదిలే పలక. మూడో స్టేజీలో పెద్ద అగాధం మీద ఒక పలక అటూ ఇటూ తిరుగుతుంది. అది మన దగ్గరికి వచ్చేదాకా అంచున నిలబడి, వచ్చాక ఎక్కాలి. నేను ఒక్కసారీ నిలబడలేదు. అది ఇంకా దూరంగా ఉండగానే దూకేవాణ్ణి.

"నిలబడప్పా," అనేది ఆమె. "అదే వస్తాది. నువ్వు పోవాల్సిన పని లేదు."

"వచ్చేదాకా ఏం చెయ్యాల?"

"ఏమీ చెయ్యాల్సింది లేదు. సుమ్నే నిలబడాల."

సుమ్నే, అంటే ఊరికే, నిలబడటం నాకు చేతకాదు. కుర్చీలో కూర్చుంటే కాలు ఊపుతాను. టీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకుంటాను. పెళ్ళైన కొత్తలో ఆమె స్కూటర్ నేర్చుకుంటానంటే కంటోన్మెంట్ రోడ్డు మీద రెండు రోజులు నేర్పాను, రెండో రోజు నడిరోడ్డు మీద అరిచాను. మూడో రోజు ఆమె రానంది. పాతికేళ్ళు ఆ స్కూటర్ నేనే నడిపాను. ఆమెకు రాదని అందరికీ చెప్పాను.

ఆమె ఆడుతుంటే చూడాలి. వేళ్ళు తప్ప ఏమీ కదలదు. బొమ్మ మనిషి ముళ్ళ బంతుల మధ్య నుంచి, పక్షుల తలల మీద నుంచి, మన వీధిలో నీళ్ళ బిందెతో నడిచే ఆడమనిషిలా తొణక్కుండా వెళ్ళేవాడు. ప్రతి స్టేజీ చివరా ఒక గంట వేలాడుతుంది, ఎగిరి కొడితే పై స్టేజీ. మొత్తం ఎనిమిది. ఆ డబ్బాకు గుర్తుపెట్టుకోవడం తెలీదు. ఆపేస్తే అంతా పోయి మళ్ళీ మొదటి గుంట.

"ఎనిమిది ఎప్పుడైనా అయినాయా?" అని అడిగాను.

"యాడ? ఏడు దాకా పోయింటి. ఆ పొద్దే మీరు నన్ను చూసేకి వస్తిరి. జీపు వాకిట్లో నిలబడినాది, మా అమ్మ పరిగెత్తుకోని వచ్చి టక్కున ఆపేసి, మొగం కడుక్కో పో అనె."

"అట్లనా?"

"అట్లనే. కాఫీ ఇస్తా నీ మొగం చూసింటి. ఈయప్ప ఒక గడియ నిదానంగా వచ్చింటే గంట కొట్టేదాన్ని గదా అనుకున్యా."

ఇద్దరం నవ్వాం. దీన్ని ఇక్కడ రాస్తున్నది ఎందుకంటే, తర్వాత నేను చేసిన పని ఇది తెలిసిన తర్వాత చేశాను.

మా పక్క సందులో ఉండే క్రేన్ ఆపరేటరు నాతోపాటే కంపెనీ బస్సెక్కుతాడు. ఒక ఆదివారం ఏదో పని మీద ఇంటికొచ్చాడు. నేను ఆడుతున్నాను. ఆమె కాఫీ తెచ్చింది.

"ఏమప్పా, ఈ వయసులో ఇదేంది?" అన్నాడు.

"మా ఆయప్పదా? ఆయప్ప మొదటి గుంట దాటితే గదన్నా," అంది ఆమె. "ఇరవై సార్లు అదే గుంట. ఆ గుంటకే బేజారు వచ్చింటాది."

అతను కాఫీ ఒలికేలా నవ్వాడు. మరుసటి రోజు మధ్యాహ్నం షిఫ్టు బస్సు ఎక్కేసరికి వెనక సీట్లోంచి, "రాప్పా గుంటప్పా, మెట్టు చూసుకోని ఎక్కు!" అని కేక. ఫ్యాక్టరీ ఉన్న తోరణగల్లు చేరేదాకా నాలుగైదు సీట్లు అదే మాట. "గుంటప్పకు కిటికీ సీటు ఇయ్యండప్పా, పడిపోతాడు." "ఇదు ఏను గురూ, హెండతి హత్ర సోతెయా?" అని ఒక కన్నడాయన, పెళ్ళాం దగ్గర ఓడిపోయావా అని. నేనూ నవ్వాను. రోడ్డు పక్క ఎర్ర దుమ్ము కొట్టుకున్న చెట్లు చూస్తూ, కాలు ఊపుతూ, లోపల ఒక్కొక్క మాటా దాచుకున్నాను.

ఇక ట్యాగు సంగతి. ఫ్యాక్టరీలో ఒక యంత్రం మీద పని చేసేముందు దాని కరెంటు తీసి, స్విచ్‌కు ఎర్ర అట్ట ట్యాగు కట్టాలి. ముట్టొద్దు, మనుషులు పనిలో ఉన్నారు అని కన్నడంలో అచ్చువేసి ఉంటుంది. కింద గీత మీద కట్టినవాడు తన పేరు రాస్తాడు. కట్టినవాడే విప్పాలి. పెద్ద ఇంజనీరు వచ్చినా, ఉత్పత్తి ఆగినా, ఇంకొకరు ముట్టకూడదు. ఎందుకంటే ఆ పేరున్న మనిషి అప్పుడు ఏ రోలరు కింద ఉన్నాడో ఎవరికీ తెలీదు. మా సెక్షన్‌లో ఈ నియమం కాపాడేవాళ్ళలో నేను ముందుంటాను. ఇంట్లో భోజనాల దగ్గర ఎన్నిసార్లు గొప్పగా చెప్పానో లెక్కలేదు.

ఆమె విన్నది కాబట్టే ఆ పని చేసింది. అది నా మధ్యాహ్నం షిఫ్టు వారమే. పొద్దున్నుంచి ఆడి, పదకొండున్నరకు ఏడో గంట కొట్టి, ఎనిమిదో స్టేజీ తలుపు ముందు నిలబడింది. కూరకు పోపు మిగిలి ఉంది, నా క్యారియరు కట్టాలి. పాజ్ నొక్కి లేచింది. నా పాత సంచిలోంచి ఒక ఎర్ర ట్యాగు తీసి, గీత మీద తన పేరు రాసి, ప్లగ్గు స్విచ్‌కు దారంతో కట్టింది.

"చూడప్పా, మీ ఫ్యాక్టరీ లెక్క," అంది నవ్వుతూ. క్యారియరు నా చేతికిచ్చి, ఎదురింటి అవ్వకు కూర ఇచ్చి వస్తానని గిన్నెతో వెళ్ళింది.

పన్నెండుంబావు. షూ వేసుకుంటూ ఆ గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. తెర మీద బొమ్మ మనిషి తలుపు ముందు కదలకుండా ఉన్నాడు. ఆమె ఎనిమిది ముగిస్తుందని, రేపు క్రేన్ ఆపరేటరుకు చెబుతుందని, బస్సంతా తెలుస్తుందని అనుకున్నాను. ట్యాగు చదివాను. ఆమె పేరు చదివాను. దారం విప్పి, ట్యాగు జేబులో పెట్టుకుని, స్విచ్ తీశాను.

వేలికి ఎంత చిన్న పని అది. టీవీలో సన్నని ఇసక మోత మొదలైంది. దాన్నీ ఆపి బస్సుకు వెళ్ళాను.

మరుసటి పొద్దున లేచేసరికి ఆమె వంటింట్లో ఉంది. వీపు నావైపు.

"గేమ్ ఆగిపోయుండాది," అంది.

"కరెంటు పోయింటాది."

"ట్యాగు?"

"గాలికి యాడన్నా పడింటాది. ఫ్యాను తిరుగుతాంటాది గదా."

ఆమె దోసె తిరగేసింది. నేను గెలిచాననుకున్నాను. తిని, కాలు ఊపుతూ పేపరు చూస్తుంటే పిలిచింది. కూతురి గదిలోకి వెళ్ళాను. వీడియో గేమ్ ప్లగ్గులో ఇప్పుడు మా చిన్న టేబుల్ ఫ్యాను ఉంది, తిరుగుతోంది. ఆమె నడవలోకి వెళ్ళి స్టూలెక్కి, ఇంటి మెయిన్ స్విచ్ దించింది. ఫ్రిజ్ ఆగింది. మిక్సీ దగ్గర ఎర్ర దీపం ఆరింది. టేబుల్ ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఆ ప్లగ్గు ఇన్వర్టర్ లైను. కూతురికి ఇంటి నుంచే క్లాసులు జరిగిన రోజుల్లో కంప్యూటర్ ఆగకూడదని ఆ వైరు లాగింది నేను. కరెంటు పోయిన క్షణంలో కూడా కంప్యూటర్ ఉలిక్కిపడకుండా ఇన్వర్టర్ వెనక మీట మార్చింది నేను. కరెంటు పనివాణ్ణి, నా ఇంట్లో నేను వేసిన లైను మరిచిపోయి కరెంటు మీద అబద్ధం చెప్పాను.

"తిరుగుతాండాది," అంది ఆమె స్టూలు మీద నుంచి. అంతే. దిగింది, మెయిన్ వేసింది, ఫ్యాను తీసుకెళ్ళిపోయింది. డబ్బా, రిమోట్లు, క్యాసెట్ అప్పటికే సిమెంటు సంచిలో ఉన్నాయి, మూతి కట్టేసి.

"అలవాటుగా ఆపేసినా," అన్నాను వెనకనుంచి. "బయటికి పోతా అన్ని స్విచ్చులు ఆపుతా గదా." ఇది మూడో అబద్ధం, మొదటి రెండింటికన్నా మంచి గుడ్డతో కుట్టింది. ఆమె నమ్మిందో లేదో చెప్పలేదు. ఆ తర్వాత నాతో మామూలుగానే ఉంది. ఉప్పు సరిపోయిందా అని అడిగింది, కూతురి ఫోను వస్తే నాకిచ్చింది. ఆట మాట మాత్రం లేదు. నేను ఆ గది ముందు నుంచి పోయినప్పుడల్లా ఖాళీ బల్ల చూసి అడుగు తడబడేది. సంచి విప్పమని అడగబోయి, నోరు తెరిచి, టీ ఉందా అని అడిగేవాణ్ణి. ట్యాగు ఫ్యాక్టరీలో నా లాకర్లో ఉండేది. రోజూ హెల్మెట్ తీస్తుంటే ఆమె పేరు కనిపించేది. చింపేయలేదు, ఇంటికి తేలేదు.

మూడు వారాలు పోయాక మా సెక్షన్‌లో కాంట్రాక్టు పనివాడొకడు ఇంకొకరు కట్టిన ట్యాగు విప్పి మోటారు నడిపాడు. అదృష్టం, కిందెవరూ లేరు. ఆ షిఫ్టు బాధ్యత నాది, నా ముందు నిలబెట్టారు. నలభై ఏళ్ళుంటాయి, బూడిద కొట్టుకున్న చొక్కా.

"చూడలేదని చెబుతావు, అంతేనా?" అన్నాను. ఎందరో అట్లాగే చెబుతారు.

"చూసినా సార్," అన్నాడు. "చదివినా. తొందరలో ఉంటి, చూసే తీసినా."

గదిలో ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చూడలేదని ఉంటే హెచ్చరికతో పోయేది. చూసి తీసినవాణ్ణి గేటు బయటికి పంపాలని నియమం. రిపోర్టు రాసింది నేను. సంతకం రోజూ ఉన్నట్టే పడింది. అతను గేటు పాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. అతని గురించి మళ్ళీ కనుక్కోలేదు. ఇప్పుడు కనుక్కుందామంటే అతని పేరు కూడా సరిగా గుర్తు లేదు, రిపోర్టులో నా చేత్తోనే రాశాను.

ఆ రోజు లాకర్లోంచి ట్యాగు తీసుకుని వచ్చాను. మరుసటి పొద్దున ఆమె వరండాలో చిక్కుడుకాయలు తుంచుతుంటే ఎదురుగా కూర్చుని, ట్యాగు గిన్నె పక్కన పెట్టాను.

"చూసినా," అన్నాను. "చదివే తీసినా."

ఆమె ట్యాగు ముట్టలేదు. నార తీస్తూనే, "ఎందుకు?" అంది.

ఆ ప్రశ్న కోసం నేను సిద్ధం కాలేదు. చెప్పింది వింటే చాలు, తిడితే చాలు అనుకున్నాను.

"నువ్వు ఆ క్రేన్ ఆయప్ప ముందర నవ్వినావని. బస్సులో గుంటప్పా గుంటప్పా అంటాండారు."

"అంతేనా?"

"అంతే."

"ఇంత కాయకు అంత కోపమా?" అని చేతిలోని చిక్కుడుకాయ చూపించింది. నవ్వలేదు. కాసేపు తుంచింది. "ఒకసారి నువ్వు వస్తాండావని ఆపినారు. ఇంగొకసారి నువ్వే ఆపినావు. నాకు ఆ గంట చేతికి అందేకి నువ్వు యాడికి పోవాల్నప్పా?"

నేను తల వంచుకుని కాలు ఊపుతున్నానని ఆమె చెయ్యి నా మోకాలి మీద పడేదాకా తెలీలేదు. ప్రేమతో వేసిన చెయ్యి కాదు. ఊపడం ఆపింది, తీసేసింది.

"అటక మీది సంచి దించు," అంది. "ఏడో స్టేజీ దాకా నువ్వే తీసుకోని రా. వచ్చినంక నన్ను పిలువు. అందాక నేను ముట్టను."

శిక్ష అని ఆమె అనలేదు, నేనూ అనుకోలేదు. చేతకాని పని చెప్పి నన్ను తోసేసిందనుకున్నాను. అయినా దించాను, ఉఫ్‌మని ఊదాను. మధ్యాహ్నం షిఫ్టు వారాల్లో పొద్దున్నే, సెలవు రోజుల్లో అన్నం తిన్నాక. మొదటి గుంట ఒక వారానికి కాలిబాట అయింది. మూడో స్టేజీ పలక దగ్గర ఇరవై రోజులున్నాను. బొటనవేలు బొబ్బ పొక్కింది. పలక దూరంగా ఉన్నప్పుడు బొత్తాం మీద నుంచి వేలు పూర్తిగా తీసేసి, చేతిని తొడ మీద పెట్టుకోవడం మొదలుపెట్టాను, నామీద నాకు నమ్మకం లేక. పలక అటు పోతుంది, వస్తుంది. ఎక్కువసేపేం కాదు, నాలుగు ఊపిర్లు. ఆ నాలుగు ఊపిర్లు నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. ఇప్పటికీ ఉంటుంది.

ఆమె గుమ్మం దాటుతూ ఒక చూపు చూసి పోయేది. ఒకసారి మాత్రం, "ఒత్తి పట్టుకో, తాకి వదలొద్దు," అంది, లోపలికి రాకుండా.

మూడు నెలలు పట్టింది. ఎండలు ముదిరిన ఒక పొద్దున, పదింటికి, ఆరో గంట కొట్టాను. ఏడో స్టేజీ మొదట్లో బొమ్మ మనిషి నిలబడ్డాడు. లైఫు ఒక్కటే మిగిలింది. పాజ్ నొక్కి వంటింట్లోకి పరిగెత్తాను.

"ఏడు," అన్నాను. "ఒక్కటే ఉండాది."

"ఒకటి సాలు." చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. నాలుగు నెలలుగా ముట్టని రిమోటు. మొదట్లో రెండుసార్లు ముళ్ళ బంతి వాడి చొక్కా రాసుకుంటూ పోయింది, నేను కళ్ళు మూసుకున్నాను. పదకొండున్నరకు ఏడో గంట మోగింది. ఎనిమిదో తలుపు. అప్పుడే ఎదురింటి అవ్వ మనవరాలు వాకిట్లోంచి పిలిచింది. అవ్వకు సూది వేయించే రోజు, ఆటో వచ్చి నిలబడింది.

ఆమె పాజ్ నొక్కింది. బల్ల సొరుగులోంచి ఆ పాత ట్యాగే తీసి, ఆ స్విచ్‌కే కట్టింది. చెప్పులేసుకుని వెళ్ళింది.

పది నిమిషాలకు కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకుంది, బొమ్మ మనిషి చెక్కుచెదరలేదు. కానీ రెండు నిమిషాలకే బీప్‌మంది. మళ్ళీ బీప్. ఎర్ర దీపం. బ్యాటరీలో నీళ్ళు పోసి ఎన్నాళ్ళయిందో నాకు తెలుసు. ఆదివారం పోస్తా, వచ్చే ఆదివారం పోస్తా అని నెలలు దాటించింది నేనే. ఇల్లంతా తిరిగి ఫ్యాన్లు, దీపాలు ఆపాను. ఎక్కువ తినేది టీవీ. దాన్ని ఆపితే డబ్బా ఒక్కదానికీ ఆ బ్యాటరీ ఇంకొంచెంసేపు చాలుతుంది. టీవీ ప్లగ్గు ట్యాగు పక్కనే. అటు చెయ్యి పెట్టడానికి భయమేసింది. చూపుడు వేలితో టీవీ స్విచ్ మాత్రం తీశాను.

తెర నల్లబడింది. అప్పుడర్థమైంది నేనేం చేశానో. గుమ్మంలోంచి చూసేవాళ్ళకు ఇది ఆ రోజు లెక్కనే ఉంది. ఆపిన టీవీ, బస్సుకు పోయిన నేను. కాగితం మీద రాసి పెడదామని పెన్ను తీశాను. ఆపలేదు, టీవీ ఒక్కటే ఆపినా. రాసి చదువుకుంటే నేనే నమ్మలేకపోయాను. ఈ ఇంట్లో నా మాటకు సాక్ష్యంగా నేనే కూర్చోవాలి, వేరే దారి లేదు.

షూ వేసుకుని, క్యారియరు ఒళ్ళో పెట్టుకుని, ఆ ఉక్కలో కూర్చున్నాను. పన్నెండున్నరకు సందు చివర బస్సు హారన్. మళ్ళీ హారన్. క్రేన్ ఆపరేటరు వాకిలి దాకా వచ్చాడు.

"గుంటప్పా! వస్తాండావా లేదా? డ్రైవరు అరుస్తాండాడు."

"ఈ పొద్దు రాలేను. పోండప్పా."

"ఏమైంది, ఒళ్ళు బాగలేదా?"

"గేమ్ ఉండాది," అన్నాను. ఏం చెప్పాలో తోచక నిజమే చెప్పాను. అతను ఒక క్షణం నిలబడి, "హుచ్చు పట్టుండాది నీకు," అని నా పిచ్చికి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. బస్సు కదిలిన చప్పుడు విన్నాను. ఇరవై ఏడేళ్ళలో చెప్పకుండా మానిన షిఫ్టు అదొక్కటే. లేచి నిలబడ్డాను, కూర్చున్నాను. చొక్కా వీపుకు అతుక్కుంది. బీప్ మధ్య ఎడం లెక్కపెట్టాను. డబ్బా మీద చెయ్యి పెట్టి వెచ్చగా ఉందో లేదో చూశాను, పది సార్లు చూశాను.

ఒంటి గంట దాటాక ఆటో ఆగింది. ఆమె గుమ్మంలోకి వచ్చి ముందు తెర చూసింది. నల్లటి తెర. ఆమె మొహంలో కోపం రాలేదు. అలసట వచ్చింది, ఇది ఇంతేలే అన్నట్టు. ఆ మొహం నేను మరిచిపోకూడదని ఇది రాస్తున్నాను. నాలుగు నెలల కిందట, స్టూలు మీద నుంచి దిగినప్పుడు కూడా అదే మొహం అయ్యుండాలి, అప్పుడు నేను చూడలేదు.

నేను టీవీ స్విచ్ వేశాను. బొమ్మ మనిషి తలుపు ముందు నిలబడి ఉన్నాడు.

ఆమె వాణ్ణి చూసింది. నా షూ చూసింది, క్యారియరు చూసింది, ఆగిన ఫ్యాను చూసింది.

"బస్సు?"

"పాయ. బ్యాటరీ అయిపోతాండాది. కూర్చో, తొందరగా."

"తొందరొద్దు," అంది, కూర్చుంటూ.

ఎనిమిదో స్టేజీ అంతా పైకే, మెట్టు మీద మెట్టు. బీప్ ఆగకుండా కొట్టుకుంటోంది. ఒకచోట రెండు పలకలు ఎదురెదురుగా తిరుగుతున్నాయి. ఆమె అంచున ఆగింది. మొదటి పలక వచ్చింది, ఎక్కలేదు. పోయింది. నా గోళ్ళు కుర్చీ చేతిలోకి దిగాయి. నోరు తెరవలేదు. రెండోసారి వచ్చినప్పుడు ఎక్కింది, దాని మీద నుంచి ఇంకోదాని మీదికి, పైకి, ఒత్తి పట్టుకుని ఎగిరింది. గంట మోగింది.

తెర తెల్లబడింది. ఇంగ్లీషులో ఏదో ఒక ముక్క వచ్చింది, అందులోనూ ఒక అక్షరం తప్పు. ఐదు స్వరాలు వాయించారు. తర్వాత ఎండ లేని ఆ నీలం ఆకాశం, ఎడమ అంచున మూటతో వాడు, ఎదురుగా మొదటి గుంట.

"ఇంతేనా?" అంది ఆమె.

"ఇంతే అనిపిస్తాది."

"దీనికా ఇరవై అయిదేండ్లు!" అని నవ్వింది. కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది, చెమటో ఏదో. రిమోటు నా ఒళ్ళో పడేసింది. "ఇంద, నీ గుంట వచ్చినాది."

నేను దాటాను. కష్టం కాలేదు. ఇన్వర్టర్ ఒకటే పనిగా అరుస్తోంది.

"ఇంగ ఆపప్పా, బ్యాటరీ చచ్చిపోతాది."

"నువ్వే ఆపు," అన్నాను. "ట్యాగు నీది."

ఆమె లేచి దారం ముడి విప్పింది. గట్టిగా కట్టినట్టుంది, కొంచెంసేపు పట్టింది. ట్యాగు చేతిలో పట్టుకుని, స్విచ్ తీసింది.